పెరుగుతున్న వ్యాపారానికి మంచి మనుషులు: విజయవాడ, గుంటూరు యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఆరుగురితో మొదలుపెట్టిన కారం మిల్లును డెబ్బై మంది పనిచేసే వ్యాపారంగా పెంచుకుంటూ వచ్చిన క్రమంలో నేను చేసిన పొరపాట్లూ, విజయవాడలో బట్టలు, ఆటో విడిభాగాలు, మందుల పంపిణీ వ్యాపారాల్లో ఉన్న మిత్రులు చేసిన పొరపాట్లూ ఈ జవాబులకు ఆధారం. చట్టం ప్రస్తావన వచ్చిన చోట అంకెలు ఇచ్చాను. మిగిలినదంతా అనుభవం, దాని మీద ఏర్పడిన అభిప్రాయం.

వ్యాపారం పెరుగుతోంది, ఒక్కడినే చూసుకోలేకపోతున్నాను. మొదట ఏ పనికి మనిషిని తీసుకోవాలి?

చాలామంది వెంటనే అమ్మకాలకు మనిషిని వెతుకుతారు. అంతకంటే ముందు రెండు వారాల పాటు గల్లా పెట్టె పక్కన ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, ఎవరెవరు ఏ పని మీద మీ దగ్గరికి వచ్చి నిలబడ్డారో రాసి చూడండి. నా పుస్తకంలో సగానికి పైగా లారీల బుకింగులు, కాటా చీటీలే కనిపించాయి. నేను వెతుకుతున్నది మార్కెటింగ్ మేనేజరును, నాకు అవసరమైనది మాత్రం పొద్దున్న ఏడింటికి వచ్చి లోడింగు చూసుకునే మనిషి. పుస్తకంలో ఏ పని ఎక్కువసార్లు కనబడితే దానికే మొదటి మనిషిని తీసుకోవాలి.

చదువుకున్న పిల్లలంతా హైదరాబాదు, బెంగళూరు వెళ్ళిపోతున్నారు. మన ఊళ్ళో ప్రతిభ ఉన్నవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

వెళ్ళేవాళ్ళు వెళ్తున్న మాట నిజమే కానీ, ఊళ్ళో ఎవరూ మిగలలేదనడం మాత్రం అన్యాయం. రెండు ఊళ్ళ చుట్టూ ఇంజినీరింగ్ కళాశాలలు, నంబూరు దగ్గర 1976 నుంచి ఉన్న నాగార్జున విశ్వవిద్యాలయం, లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు ఉండగా కొరత అసలు సంఖ్యలో లేదు. ఆ కళాశాలల గేటు దాటి లోపలికి వెళ్ళి అడిగిన స్థానిక వ్యాపారులు ఎంతమంది? పెద్ద కంపెనీలు ప్రాంగణ నియామకాలకు వచ్చిపోయాక, ఇంటి దగ్గరే ఉండవలసిన అవసరం ఉన్న పిల్లలు చాలామంది మిగులుతారు. తండ్రి ఆరోగ్యం బాగాలేనివాళ్ళు, పొలం చూసుకోవలసినవాళ్ళు, పెళ్ళయి ఇక్కడే స్థిరపడిన ఆడపిల్లలు వాళ్ళలో ఉంటారు. వాళ్ళకు తెలివి తక్కువై ఆగిపోలేదు.

ఇంకో వర్గం కూడా ఉంది. పదేళ్ళు బయట పనిచేసి, ఇక్కడ ఇల్లు కట్టుకుని, తిరిగి రావాలనుకుంటున్నవాళ్ళు సంక్రాంతికి తప్పకుండా ఊళ్ళో ఉంటారు. ఆ నాలుగు రోజుల్లో కాఫీకి పిలిచి మాట్లాడితే, ఏడాదంతా ప్రకటనలు వేసినా దొరకని మనిషి దొరకవచ్చు. రెండు నగరాల మధ్య దూరం దాదాపు 35 కిలోమీటర్లే కాబట్టి, గుంటూరు వ్యాపారి విజయవాడ మనిషిని, విజయవాడ వ్యాపారి మంగళగిరి, తెనాలి మనుషులను పరిశీలించకపోవడానికి కారణం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పనికి రాగలిగే మహిళలకు కనీసం ఆ ఖర్చు అడ్డంకి లేకుండా పోయింది.

ఇంటర్వ్యూలో బాగా మాట్లాడినవాళ్ళు పనిలో తేలిపోతున్నారు. మనిషిని ఎలా అంచనా వేయాలి?

మాట్లాడే పనికి తీసుకుంటుంటే మాట చూడండి, లేకపోతే పని చూడండి. మిరప కొనుగోలుకు మనిషి కావలసి వచ్చినప్పుడు నేను అనుభవం ఎన్నేళ్ళని అడగడం మానేసి, మూడు టిక్కీల్లోంచి (మిరప బస్తాల్లోంచి) మూడు దోసిళ్ళ కాయ తీయించి బల్ల మీద పోయిస్తాను. ఒకటి ఈ ఏటి తేజ రకం, ఒకటి ఏసీలో (శీతల గిడ్డంగిలో) ఏడాది నిలవ ఉన్న సరుకు, మూడోది పైకి ఎర్రగా కనబడుతూ లోపల తేమ ఉన్న కాయ. ఏది ఎంతకు కొంటారో, ఎందుకో చెప్పమంటాను. పని తెలిసినవాడు మొదట మాట్లాడడు. తొడిమ విరుస్తాడు, కాయను చెవి దగ్గర పెట్టి ఊపి గింజ గలగలమంటోందో లేదో వింటాడు, తాలు (రంగు పోయిన కాయ) ఎంత కలిసిందో వేళ్ళతో విడదీసి చూస్తాడు, ఆ తరువాత రేటు చెబుతాడు. పదినిమిషాల్లో నాకు తెలిసేది గంటసేపు కబుర్లు చెప్పుకున్నా తెలియదు.

ఈ పద్ధతి ఏ పనికైనా కుదురుతుంది. అకౌంటెంటుకు పేర్లు చెరిపేసిన ఒక నెల కొనుగోలు బిల్లులూ, ఆ నెల జీఎస్టీఆర్-2బీ (అమ్మినవాళ్ళు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టిక) ఇచ్చి తేడాలు పట్టుకోమనండి. మెకానిక్కుకు చెడిపోయిన బండి అప్పజెప్పండి. చీరల కొట్టులో సేల్స్‌కు వచ్చిన అమ్మాయి దగ్గరికి, ఏమీ కొనకుండా ఇరవై చీరలు విప్పించి వెళ్ళిపోయే కస్టమరుగా మీ ఇంట్లోవాళ్ళనే పంపించి, ఆఖరి చీర మడిచేటప్పుడు ఆ అమ్మాయి ముఖం ఎలా ఉందో చూడమనండి. సగం రోజు పరీక్ష పెడితే ఆ సగం రోజు కూలి ఇవ్వడం మర్యాద. అది ఇవ్వని చోట మంచివాళ్ళు రెండోసారి రారు.

ఇంటర్వ్యూ అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. మనుషుల ఎంపిక మీద దశాబ్దాల అధ్యయనాలను కలిపి 1998లో అమెరికా మనస్తత్వవేత్తలు ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ వేసిన లెక్కలోనూ, దాన్ని సవరించి 2022లో పాల్ సాకెట్ బృందం వేసిన లెక్కలోనూ ఒక విషయం మారలేదు. ముందే రాసుకున్న ప్రశ్నలను అభ్యర్థులందరినీ ఒకే వరుసలో అడిగి మార్కులు వేసే ఇంటర్వ్యూ, నోటికి వచ్చింది అడిగే ఇంటర్వ్యూ కంటే మంచి మనుషులను పట్టిస్తుంది. ఎన్నేళ్ళ అనుభవం ఉందన్నది మాత్రం రెండు లెక్కల్లోనూ బాగా వెనకబడింది. మనం మాత్రం "ఏ ఊరు బాబూ మీది, ఎవరి తాలూకు?" అన్న దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తాం.

బంధువులను, సొంత ఊరివాళ్ళను తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. నమ్మకం విలువైనదే. అయితే బంధువుకు కూడా ఆ బల్ల మీద కాయ పోయవలసిందే, ఆ జీతం పట్టికే వర్తించవలసిందే. ఒక మిత్రుడి కొట్టులో ఆయన బావమరిది పదకొండింటికి వస్తే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆరు నెలలు తిరిగేసరికి అందరూ పదింబావుకు రావడం మొదలుపెట్టారు. ఎవరినీ మందలించే అర్హత ఆ మిత్రుడికి మిగల్లేదు.

జీతం ఎంత ఇవ్వాలి? పీఎఫ్, ఈఎస్‌ఐ కలిపితే నా ఖర్చు ఎంత అవుతుంది?

జీతం ఊరి మార్కెట్టును బట్టి ఉంటుంది కాబట్టి ఒక అంకె చెప్పడం కుదరదు. మీ వీధిలో ఇచ్చేదానికంటే కాస్త ఎక్కువ ఇవ్వగలిగి, అది ప్రతి నెలా ఒకే తేదీన ఖాతాలో పడేటట్టు చూడగలిగితే చాలు. ఆలస్యంగా వచ్చే ఇరవై రెండు వేల కంటే ఒకటో తారీఖున పడే ఇరవై వేలు ఉద్యోగికి ఎక్కువ జీతం.

చట్టప్రకారం అయ్యే ఖర్చు లెక్క ఇది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. ఇరవైమంది ఉంటే పీఎఫ్ తప్పనిసరి, ఇద్దరి వాటా 12 శాతం చొప్పున ఉంటుంది. పీఎఫ్‌కు 15,000 రూపాయల పరిమితిని లెక్కలోకి తీసుకుంటే, 20,000 జీతగాడి మీద యజమాని పీఎఫ్‌కు 1,800, ఈఎస్‌ఐకి 650 అదనంగా పెట్టుకోవలసి ఉంటుంది. పరిపాలనా ఛార్జీలు, బీమా వాటా దీనికి అదనంగా కొద్ది మొత్తం. పందొమ్మిదో మనిషి దగ్గర ఆగిపోయి, ఇరవయ్యోవాడిని బావగారి సంస్థ పేరు మీద చూపించే తెలివితేటలు మన దగ్గర చాలా ఉన్నాయి. అయితే ప్రతిభ ఉన్న మనిషి చేరేముందు అడిగే మొదటి ప్రశ్నల్లో పీఎఫ్ ఉందా అన్నది ఒకటి. మీరు మిగుల్చుకున్న 1,800 అతన్ని పక్క కంపెనీ గుమ్మం ఎక్కిస్తుంది.

గ్రాట్యుటీని, అంటే ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషికి మానేసేటప్పుడు ఇవ్వవలసిన మొత్తాన్ని, చాలామంది ఆఖరి రోజు దాకా మరిచిపోతారు. ఐదేళ్ళు నిండిన ఉద్యోగికి, ఏడాదికి పదిహేను రోజుల చొప్పున, చివరి జీతాన్ని 26తో భాగించి లెక్క కట్టాలి. మూల వేతనం, కరువు భత్యం కలిపి 26,000 ఉన్న మనిషి పదేళ్ళు చేసి మానేస్తే 1,50,000 అవుతుంది. దాన్ని ఏటేటా పక్కన పెట్టనివాళ్ళే ఆ రోజు వచ్చేసరికి పాత మనిషితో గొడవ పెట్టుకుంటారు.

నియామక పత్రం రాసివ్వడం అవసరమా? మన దగ్గర అంతా నోటిమాట మీదే కదా నడుస్తుంది?

అవసరం. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, నియామక పత్రం ఇవ్వడం అందులో తప్పనిసరి బాధ్యత. భత్యాల పేరుతో మూల వేతనాన్ని తగ్గించి చూపే అలవాటుకు కూడా హద్దు వచ్చింది, మినహాయించదగిన భత్యాలు మొత్తం చెల్లింపులో సగం దాటితే ఆ దాటిన భాగాన్ని వేతనంలోనే కలిపి లెక్కించాలి. పత్రం ఒక పేజీ ఉన్నా చాలు. ఏం పని, ఎంత జీతం, ఎవరికి జవాబుదారీ, ఏయే విషయాలు తనంతట తాను నిర్ణయించవచ్చు అన్న నాలుగూ అందులో ఉండాలి. నాలుగోదాన్ని ఎవరూ రాయరు.

పదిహేనేళ్ళుగా ఉన్న గుమాస్తా కంటే కొత్తగా వచ్చిన కుర్రాడికి ఎక్కువ ఇవ్వవలసి వస్తోంది. పాతవాళ్ళు నొచ్చుకుంటున్నారు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడగని యజమానిని నేను చూడలేదు. జీతాలు రహస్యంగా ఉంటాయనుకోవడం మన భ్రమ, భోజనాల వేళకల్లా అందరికీ తెలిసిపోతుంది. అందుకని దాచే ప్రయత్నం మానేసి, తేడా ఎందుకు ఉందో మీరే ముందు పాత మనిషికి చెప్పడం మంచిది. కారణం చెప్పలేకపోతున్నారంటే తేడా న్యాయమైనది కాదని అర్థం. అప్పుడు సరిదిద్దవలసింది పాతవాడి జీతం.

మా దగ్గర పెద్ద గుమాస్తా ఎగుమతి కాగితాలు చేయలేరు, కంప్యూటరు ముందు కూర్చుంటే ఆయనకు చెమటలు పడతాయి. కానీ ఏ కమీషన్ వ్యాపారి అప్పు తిరిగి ఇస్తాడో, ఎవరు ఇవ్వరో నలభై ఏళ్ళ చరిత్ర ఆయన నోటి మీద ఉంటుంది. కొత్త కుర్రాడికి ఆ చరిత్ర ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకదు. వారానికి ఒక పూట ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, అప్పు ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం పెద్దాయనకు, కాగితం ఎలా ఉండాలన్న నిర్ణయం కుర్రాడికి అప్పగించాం. పెద్దాయన జీతం కూడా పెంచాం, కానీ ఆయన అలక తీరింది మాత్రం ఆ బల్ల దగ్గరే అనుకుంటాను.

మంచి జీతం ఇస్తున్నా మంచివాళ్ళు ఎందుకు వెళ్ళిపోతున్నారు?

నా అనుభవంలో అతి ఎక్కువ ఖరీదైన పాఠం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మా కొనుగోళ్ళు చూసే అతను ఆరేళ్ళు పనిచేశాడు. మిరప మార్కెట్ యార్డులో అతను టిక్కీ దగ్గర నిలబడితే పక్క వ్యాపారులు కూడా ఆగి చూసేవారు. నేను మాత్రం ప్రతి ఉదయం ఫోను చేసి రేటు నేనే చెప్పేవాడిని. అతను ఒక రేటు అంటే నేను యాభై తగ్గించేవాడిని, అలా తగ్గించడమే యజమానితనమని నాకు అనిపించేది. ఒకరోజు మానేస్తానని వచ్చాడు. ఎంత ఎక్కువ ఇస్తున్నారని అడిగితే మూడు వేలన్నాడు. నేను ఐదు వేలు పెంచుతానన్నాను. అతను కాసేపు నేల చూసి, "డబ్బు కోసం కాదండీ. అక్కడ రేటు నేను చెప్పొచ్చంటండీ," అన్నాడు.

1959లో అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు రెండువందల మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను అడిగి తేల్చిన విషయం చాలా తరువాత చదివి, మా కుర్రాడు ఒక్క వాక్యంలో చెప్పినదే ఇది కదా అనుకున్నాను. జీతం, పైఅధికారి తీరు, పని పరిస్థితులు బాగా లేకపోతే మనిషికి అసంతృప్తి కలుగుతుంది. అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. సాధించాననిపించడం, గుర్తింపు, బాధ్యత, ఆ పని మీదే ఇష్టం ఉత్సాహాన్ని పుట్టిస్తాయి. ఈ సిద్ధాంతం మీద విమర్శలు తరువాత చాలా వచ్చాయి. అయినా మన ఊరి కొట్లలో నేను చూసినంత వరకు, గల్లా తాళంచెవి మొలలో కట్టుకున్నట్టు ప్రతి నిర్ణయాన్నీ కట్టుకు తిరిగే యజమాని దగ్గర చివరికి మిగిలేది వేరే చోట పని దొరకనివాళ్ళే.

అయితే బాధ్యత ఎంతవరకు అప్పగించాలి? నష్టం చేస్తే ఎవరు భరించాలి?

హద్దు గీసి అప్పగించాలి, గీసిన హద్దు లోపల వేలు పెట్టకూడదు. తరువాత వచ్చిన కొనుగోలు మనిషికి నేను పెట్టిన హద్దు ఇది: నిన్నటి రేటు మీద క్వింటాలుకు మూడు వందల వరకు, రోజుకు యాభై టిక్కీల వరకు నన్ను అడగనక్కర్లేదు. అది దాటితే ఫోను చేయాలి. మొదటి నెలలోనే తేమ ఉన్న లాటు ఒకటి కొన్నాడు. పది రోజులకు గోడౌనులో బూజు వాసన వచ్చింది, నలభై వేల దాకా పోయింది. ఆ సాయంత్రం ఫోను చేతిలో పట్టుకుని, ఇకనుంచి నన్ను అడగకుండా కొనవద్దని చెప్పబోయి ఆగిపోయాను. చెప్పి ఉంటే నలభై వేలూ, మనిషీ రెండూ పోయేవి. పొద్దున్న ఇద్దరం కలిసి ఆ బస్తాలు విప్పించి, కాయను ఎక్కడ విరిచి చూసి ఉంటే తేమ పట్టుబడేదో చూశాం. అతను తనంతట తానే తేమ కొలిచే మీటరు అడిగాడు. అది వచ్చాక అలాంటి లాటు మళ్ళీ లోపలికి రాలేదు.

మోసానికీ పొరపాటుకీ తేడా చూడాలన్నది వేరే చెప్పనక్కర్లేదు. పొరపాటు సొమ్మును జీతంలో కోసే అలవాటు ఉంటే, ఇక ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోరు.

అమ్మకాలు పెరగడానికి కమీషన్ పెట్టవచ్చా?

జాగ్రత్తగా. విజయవాడలో ఒక మిత్రుడు చీరల కొట్టులో ఒక్కొక్కరి అమ్మకాన్ని బట్టి కమీషన్ పెట్టాడు. శ్రావణ మాసం అయ్యేసరికి సేల్స్‌వాళ్ళు గుమ్మం దగ్గరే కస్టమర్లను పంచుకోవడం మొదలైంది, విప్పిన చీరలు మడిచేవాళ్ళు కరువయ్యారు, పత్తి చీర అడిగిన ముసలావిడను ఎవరూ పట్టించుకోలేదు. దీపావళికి ఆయన దాన్ని అంతస్తు మొత్తానికి కలిపి పంచే పద్ధతిగా మార్చాక గొడవ సద్దుమణిగింది. మీరు దేనికి డబ్బు ఇస్తారో అది పెరుగుతుంది, దేనికి ఇవ్వరో అది పోతుంది. పెట్టేముందు ఆ రెండో జాబితా రాసుకోండి.

దసరా బోనస్ సంగతి వేరు. ఇరవైమంది ఉన్న సంస్థలో అర్హులైనవారికి కనీసం 8.33 శాతం బోనస్ చట్టం ఇచ్చిన హక్కు, యజమాని దయ కాదు. దాన్ని స్వీటు ప్యాకెట్టుతో కలిపి ఉపకారంలా అందించడం ఉద్యోగికి తెలియకుండా ఉండదు.

తప్పు చేసినవాళ్ళను ఎలా మందలించాలి?

తలుపు వేసి. మెచ్చుకునేటప్పుడు తీసి. ఏది బాగుందో పేరు పెట్టి చెప్పండి. "బాగా చేశావయ్యా" అన్నది గాలిలో పోతుంది. "నిన్న లారీ ఆగిపోతే రాత్రి పదింటికి వేరే బండి మాట్లాడావు, అందుకే సరుకు చెన్నై ఓడ అందుకుంది" అన్నది ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పుకుంటాడు.

మహిళా ఉద్యోగులను తీసుకుంటే ఏ ఏర్పాట్లు చూసుకోవాలి?

శుభ్రంగా ఉండి, గడియ పడే మరుగుదొడ్డి మొదటి ఏర్పాటు. నవ్వకండి, మా దగ్గర తొడిమలు తీసే విభాగంలో మేస్త్రిగా ఎదగగలిగిన ఇద్దరు ఆ కారణంగానే మానేశారని నాకు ఏడాది తరువాత తెలిసింది. పదిమంది ఉన్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి. మొదటి ఇద్దరు పిల్లల వరకు ప్రసూతి సెలవు 26 వారాలు. ఆ సెలవుకు భయపడి పెళ్ళయిన అమ్మాయిని తీసుకోని యజమాని, అదే అమ్మాయి తరువాత పదేళ్ళు పక్క కొట్టులో లెక్కలు చూడటం చూస్తూ కూర్చుంటాడు.

మేము నేర్పించాక పోటీవాళ్ళు తీసుకుపోతున్నారు. బాండు రాయించుకోవచ్చా? సర్టిఫికెట్లు పెట్టుకోవచ్చా?

ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకోకండి. అది ఉద్యోగం కాదు, తాకట్టు. మానేశాక ఫలానా పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. వ్యాపార రహస్యాలు, ఖాతాదారుల వివరాలు బయటపెట్టకూడదన్న షరతు వేరు, అది పెట్టుకోవచ్చు. కనీస కాలం పనిచేయాలన్న బాండు విషయంలో మాత్రం 2025 మేలో సుప్రీంకోర్టు, మూడేళ్ళలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును సమర్థించింది. ఆ షరతు పెట్టినప్పుడు అది ప్రభుత్వరంగ బ్యాంకు, నియామకానికి పెద్ద ఖర్చు పెట్టిన సంస్థ. వారం రోజులు పక్కన నిలబెట్టి నేర్పిన పనికి రెండు లక్షల బాండు అడిగితే కోర్టు సంగతి అలా ఉంచి, చేరడానికే ఎవరూ రారు.

అమెరికాలో చదివి వచ్చిన మా అబ్బాయి వ్యాపారంలో చేరుతున్నాడు. పాత ఉద్యోగులు ఎలా తీసుకుంటారు?

ఏ పనికి చేరుతున్నాడో, ఎవరి కింద చేరుతున్నాడో ముందు చెబితే బాగానే తీసుకుంటారు. మొదటి ఏడాది గోడౌనులో, యార్డులో, వసూళ్ళలో తిప్పండి. "చిన్నబాబు గారు" అని పిలిపించుకుంటూ ఏసీ గదిలో కూర్చుని మొదటి వారంలోనే సాఫ్ట్‌వేరు మార్చేస్తే, మీ మంచి మనుషులు రెజ్యూమెలు తయారుచేసుకుంటారు.

మానేసేవాళ్ళతో లెక్క ఎప్పుడు తేల్చాలి? మానేసిన మనిషి మళ్ళీ వస్తానంటే తీసుకోవచ్చా?

కొత్త వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో బాకీ వేతనం ఇచ్చేయాలి. తిప్పించుకోవడం పాత పద్ధతి. తిప్పించుకున్న ప్రతి రోజూ, మీ దగ్గర ఇంకా పనిచేస్తున్నవాళ్ళు చూస్తూనే ఉంటారు.

తిరిగి తీసుకోవడం గురించి నా సమాధానం ఔననే. రేటు తానే చెప్పుకోవడానికి వెళ్ళిన మా కొనుగోలు మనిషి నాలుగేళ్ళ తరువాత వచ్చాడు, ఇప్పుడు రెండో మిల్లు అతనే చూస్తున్నాడు. పొద్దున్న ఫోను నేను చేయను, అతనే పదకొండింటికి చేస్తాడు. గ్రాట్యుటీకి మాత్రం పాత ఆరేళ్ళ లెక్క వెళ్ళిన రోజే తేల్చి ఇచ్చేశాం కాబట్టి, కొత్త చేరిక తేదీ వేసి కొత్త నియామక పత్రం రాసి ఇద్దరం సంతకాలు చేశాం. మీరూ అలాగే చేయండి, లేకపోతే పదేళ్ళ తరువాత ఏ తేదీ నుంచి లెక్కించాలన్న తగువు వస్తుంది.